చౌడు రుచి

మొన్న వనపర్తి బస్టాండు ఎదుట బండి దగ్గర మిరపకాయ బజ్జీ కొరికాను. కొరకగానే నాలుక కొస గుంజింది. కారం కాదు, సోడా. పిండిలో సోడా ఉప్పు ఎక్కువ పడింది. నా పక్కన నిలబడ్డ ఇద్దరు ఉల్లిపాయ ముక్కలు నంజుకుంటూ హాయిగా తింటూనే ఉన్నారు. నేను ఊరుకోలేదు. "సోడా ఎక్కువైంది అన్నా, జర పిండి కలుపుకో," అన్నాను. బండాయన నన్ను ఎగాదిగా చూశాడు. పొద్దుటి నుంచి ఇంతమంది తిన్నారు, ఎవరికీ లేని నాలుక నీకొక్కదానికే ఉందా అని గొణిగాడు. తర్వాత ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. వెంటనే డబ్బాలోంచి శనగపిండి తీశాడు.

ఆ నాలుక నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. నాకు దాన్ని నేర్పిన మనిషి పేరు మార్తమ్మ. మీరు ఆమెను చూసి ఉండరు. ఎక్కడైనా బస్సులో పక్కన కూర్చున్నా గమనించి ఉండరు. పొట్టి మనిషి, బక్క పలచన, తట్టలు మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు రాలిపోయి అరచేయంత మేర నున్నగా ఉండేది. సోడా రుచి ఎక్కడ తగిలినా నాకు ముందు ఆ నున్నటి నెత్తి గుర్తొస్తుంది, తర్వాతే ఆమె ముఖం.

ఆమె నాకు పరిచయమయ్యేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మాది బల్మూర్. పదో తరగతి మార్కుల మీద బ్రాంచి పోస్టుమాస్టరు ఉద్యోగం వచ్చింది, ఆత్మకూరు అవతల ఒక చిన్న ఊళ్ళో. ఆ ఉద్యోగంలో ఒక మెలిక ఉంది. ఆఫీసుకు గది ఉద్యోగంలో చేరినవాళ్ళే చూసుకోవాలి, కాపురం కూడా ఆ ఊళ్ళోనే ఉండాలి. పెళ్ళికాని ఆడమనిషికి, అందులోనూ ఊరి జనమంతా వచ్చిపోయే పనికి, గది ఇస్తామన్నవాళ్ళు లేరు. పెళ్ళెందుకు కాలేదని అడిగినవాళ్ళు మాత్రం ప్రతి గడపలోనూ దొరికారు. చివరికి గద్వాలలో స్థిరపడ్డ ఒక రైతు, పదేళ్ళుగా మూసి ఉంచిన తన పాత మిద్దె ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"బాగుజేస్కొని ఉండమ్మా, నేనేం వద్దంట లేను. గని ఈ వానకాలం ఇల్లు కురిసిందనుకో, జేసీబీ పెట్టి పడగొట్టిస్త. గోడలు కూలి ఎవరి మీదన్న పడితే నా మెడకు చుట్టుకుంటది," అన్నాడాయన.

అటు మా ఇన్‌స్పెక్టరు గారు ఇంకో మాట అన్నారు. వానలు మొదలయ్యాక తానే వచ్చి చూస్తారట. కాగితాలు తడిసే గదిలో ఆఫీసు నడవనివ్వరట. అంటే నా ఉద్యోగమూ, నా నివాసమూ రెండూ కలిసి ఆ ఇంటి పైకప్పు మీద కూర్చున్నాయి. మా ఇంట్లోనేమో, వానలు పడేలోపు నేనే తిరిగొచ్చేస్తానని అందరూ ధీమాగా ఉన్నారు.

మిద్దె అంటే తెలియని వాళ్ళకు చెప్పాలి. గోడలు మట్టివి, మూరన్నర మందం. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలనే సన్నటి అడ్డకర్రలు, దంతెల మీద వేపకొమ్మలూ కంపా పరిచి, ఆపైన జానెడు మట్టి వేస్తారు. కప్పు బల్లపరుపుగా ఉంటుంది. అన్నిటికీ పైన, వాన నీళ్ళు లోపలికి దిగకుండా ఆపేది మాత్రం చౌడు మట్టి. ఊరి బయట ఏమీ మొలవని తెల్లటి నేల ఉంటుందే, అదే. తడి తగలగానే ఉబ్బి బిగుసుకుపోయి నీటికి దారి ఇవ్వదు. ఏటా ఎండలు ముదిరేలోపు కప్పు మీద కొత్త చౌడు పోయాలి. పదేళ్ళుగా ఎవరూ పోయని ఆ మిద్దె మీద మోకాలెత్తు గడ్డి, రెండు వేప మొక్కలు, ఒక జిల్లేడు పెరిగాయి. గవాచిలోంచి, అదే వెలుతురు కోసం కప్పులో వదిలి, వానొస్తే పెంకుతో మూసే కంతలోంచి, గబ్బిలాలు వచ్చిపోయేవి.

నేను వెళ్ళింది ఫాల్గుణంలో. దారి పొడవునా మోదుగులు పూసి ఉన్నాయి, ఊళ్ళో చింతపండు కొడుతున్నారు, వేపచెట్లు ఆకు రాల్చి లేత ఎరుపు చిగురేస్తున్నాయి. ఇల్లు బాగుచేయడమంటే నాకు తెలిసింది సిమెంటు. రెండు బస్తాలు తెప్పించి, వీధి గోడ పగులులో తాపీతో కూరుతున్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. నవ్వితే నాకు కోపమొస్తుంది. తిరిగి చూస్తే ఈ పొట్టి మనిషి, చంకలో గడ్డిమోపుతో.

"ఏందవ్వా నవ్వుతున్నవ్?"

"నవ్వక ఏం జెయ్యాలె బిడ్డా. మట్టిగోడకు సిమెంటు పట్టదు. నెల రోజులాగు, ఉన్న మట్టిని గూడ ఊడదీస్కొని పడ్తది."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమె గడ్డిమోపు దించి, పొద్దున నేను పూసి మురిసిపోయిన చోట గోరు పెట్టి లాగింది. నా సిమెంటు రొట్టెముక్కలా ఆమె చేతిలోకి వచ్చింది, దాని వీపున ఇంటి మట్టి అంటుకుని ఉంది. ఆ సాయంత్రమే మిగిలిన బస్తా వాపసు పంపించాను.

మర్నాటి నుంచి ఆమె ఎవరూ పిలవకుండానే వచ్చేది. ఎర్రమట్టిలో వడ్ల ఊక, తరిగిన గడ్డి కలిపి నాలుగు రోజులు నానబెట్టించింది. పులిసిన వాసన వచ్చేదాకా తొక్కించింది. నేను తొక్కాను, ఆమె పర్యవేక్షించింది. "ఇంక దొక్కు, ఇంక దొక్కు," అంటూ గోడవారన కూర్చుని చింతగింజలు నమిలేది. వయసులో ఉన్నప్పుడు మట్టి పనికి ఆమె తిరగని చోటు లేదు. కాలువలు, చెరువుకట్టలు, రైలు కట్టలు, ఎక్కడెక్కడో భాష తెలియని ఊళ్ళు. మొగుడూ ఆమే కలిసి మేస్త్రీ వెంట పోయేవారు, ఆయన ఒక కాలువ గట్టు మీదే జ్వరంతో పోయాడు. ఆ సంగతి కూడా మట్టి తొక్కుతుండగానే, ఏ మట్టి ఏ ఊళ్ళో ఎలా ఉంటుందో చెబుతూ మధ్యలో చెప్పింది.

గోడలు మెత్తి, తెల్లసున్నం వేసి, కింద జానెడు ఎర్రటి జాజు పూశాక ఇల్లు ఇల్లులా కనిపించింది. ఆ రోజు ఎండ బాగా ఉంది. "లోపలికి రా అవ్వా, సల్లగుంది. నీళ్ళు దాగుదువు," అన్నాను. ఆమె గడప దాకా వచ్చి ఆగింది. తల మాత్రం లోపలికి వంచి పైకి చూసింది. దూలాలను ఒక్కొక్కటిగా చూసింది, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది.

"ఐదున్నయి. నేను నాలుగే అనుకుంటుంటి," అంది.

"నువ్వీ ఇంటికి పని జేసినవా?"

"ముప్పై ఏండ్లు జేసిన. ఏటా ఈ మిద్దెకు చౌడు మోసింది నేనే. నిచ్చెన బయటికెల్లి ఏస్తుండిరి. పైకెక్కుడు, పోసుడు, దిగుడు. లోపట ఎట్లుంటదో ఎన్నడు సూడలే."

"ఎందుకు?"

"ఎందుకేంది? మమ్ముల రానియ్యరు గద."

కోపంగా చెప్పలేదు. నేను మాత్రం సిగ్గుతో తల దించుకున్నాను, ఎందుకంటే మా ఊళ్ళోనూ అలాంటి గడపలు నాకు తెలుసు, అవి దాటేటప్పుడు నేనెప్పుడూ ఆగి ఆలోచించలేదు. "ఇప్పుడిది పోస్టాఫీసు. ఎవరు వద్దంటరో చూస్త, రా," అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ముందు మిద్దె నిలవనీ పోస్టమ్మా. నిలిచినంక వస్త. కింద కూసోని సూస్త," అంది. అప్పటినుంచి నేను ఆ ఊరికి పోస్టమ్మనే అయ్యాను, అసలు పేరు ఎవరికీ పట్టలేదు.

ఇంటి వెనక పెరడు ఉండేది, ముళ్ళకంప, వయ్యారిభామ మొక్కలు నిండి. వారం రోజులు నరికి, కుప్పేసి తగలబెట్టాం. ఆమె గడ్డపారతో మోచేతి లోతు గుంతలు తవ్వించి, మేకల పెంట, చెరువు మట్టి నింపించింది. సొర, బీర, కాకర గింజలు పెట్టాం. నీళ్ళ తొట్టి పక్కన తోటకూర, గోంగూర చల్లాం. ఎండకాలం కాయాలంటే ఈ నెలలోనే పెట్టాలనేది. కుండకు సన్నటి చిల్లు పెట్టి, గుడ్డపీలిక దూర్చి, నీళ్ళు బొట్లుబొట్లుగా ఊరేలా ఒక్కో గుంత పక్కన ఒకటి పాతించింది. మొదటి సొర మొలక పగిలిన గింజను టోపీలా పెట్టుకుని పైకి వచ్చిన రోజు నేను పోస్టాఫీసు పది నిమిషాలు ఆలస్యంగా తెరిచాను. జీవితంలో నా చేతితో ఏదైనా మొలిపించడం అదే మొదలు.

ఆమె వచ్చినప్పుడల్లా ఒక గిన్నెలో కూర తెచ్చేది. ఒక్కోరోజు పప్పు నోట పెట్టలేనంత ఉప్పు, ఒక్కోరోజు చప్పిడి. వీళ్ళ అలవాటే అంత కాబోలనుకున్నాను. "ఎట్లుంది?" అని అడిగితే "బాగుంది అవ్వా," అనేదాన్ని. ఆమె వెళ్ళాక చెంబెడు నీళ్ళు తాగేదాన్ని. పెద్దమనిషి అంత దూరం మోసుకొచ్చింది, వంక పెట్టడం మర్యాద కాదనుకున్నాను. ఆ మర్యాద ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

ఉగాదికి ముందు చౌడుకు వెళ్ళాం. మిద్దె మీది గడ్డీ గాదం వేళ్ళతో సహా పీకించి, కుళ్ళిన రెండు దంతెలు మార్పించాను. ఊరికి ఉత్తరాన తెల్లగా పొక్కిపోయిన మిట్ట దగ్గర ట్రాక్టరు ఆగింది. ట్రాక్టరు నడిపే కృష్ణయ్యా, అతని వెంట వచ్చిన కూలీలూ పారలు పట్టుకుని నిలబడ్డారు కానీ ఎవరూ తవ్వలేదు. అందరూ మార్తమ్మ వైపే చూస్తున్నారు. ఊళ్ళో తొమ్మిది మట్టి మిద్దెలు మిగిలాయి. ఆ తొమ్మిదింటికీ చౌడు ఎక్కడ ఎత్తాలో చెప్పేది ఆమే. పైది పక్కకు తోసి, కింది మట్టి చిటికెడు తీసి, నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఉమ్మేసింది. "ఎత్తురి," అంది. నేను కూడా చూస్తానంటే "నీకెందుకు బిడ్డా, నోరు కొట్టుకపోతది," అని చెయ్యి అడ్డం పెట్టింది.

రెండు ట్రిప్పులు తోలాం. నిచ్చెన మీద ఒకరి చేతినుంచి ఒకరికి తట్టలు అందాయి. నాలుగు వేళ్ళ మందాన పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసలతో కొట్టారు. మార్తమ్మ నిచ్చెన ఎక్కి, ఒంగి ఒంగి చూస్తూ కప్పంతా నడిచింది, నీళ్ళు తూము వైపే పోయేలా వాలు సరిచేయించింది. మిగిలిన మట్టిని పెరటి గోడవారన కుప్ప పోయించాను. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర అంతకు ముందు నెల రోజుల్లో పట్టలేదు.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం గాలిదుమారం వచ్చి, పావుగంట వాన కొట్టింది. మిద్దె చుక్క కూడా కారలేదు. నేను పొంగిపోయాను. ఐదారు రోజులకు పెరట్లో మిగిలిన మట్టి కుప్ప మీద పచ్చగా నూగు కనిపించింది. దగ్గరకు వెళ్ళి చూస్తే గడ్డి మొలకలు, మధ్యలో రెండు తోటకూర మొలకలు కూడా. అప్పటికి నాకు ఏది మొలిచినా సంబరమే. మార్తమ్మ రాగానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను.

"చూడవ్వా, ఎవ్వరు చల్లకున్న ఎట్ల మొలిచినయో."

ఆమె కుప్ప ముందు గొంతుక్కూర్చుంది. మొలకలు పక్కకు నెట్టి చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకుంది. ఉమ్మలేదు. ఇంకో చిటికెడు వేసుకుంది. ఆమె మూడోసారి కూడా మట్టి తీయడం చూశాక నాకూ అనుమానం వచ్చింది. చౌడు మీద ఏమీ మొలవదు. మొలవకపోవడమే దాని గుణం. ఇది మొలిచిందంటే ఇది చౌడు కాదు, మామూలు మట్టి. మరి అదే మట్టి నా నెత్తిమీద ఇంటి కప్పంతా పరిచి ఉంది. పావుగంట వాన ఎలాగో ఆగింది, ఒక రోజు ముసురు పట్టిందంటే మొత్తం లోపలికే.

"నాకు నాలుక లేదు బిడ్డా," అంది మార్తమ్మ.

నాకు అర్థం కాలేదు. ఆమె తలెత్తకుండానే చెప్పింది. "కరోనా వచ్చె గదా. జరం పోయింది గని నాలుక మల్ల రాలే. ఉప్పు తెల్వదు, పులుపు తెల్వదు. మందుకు గూడ పోయిన, వస్తది అన్నరు. రాలే. మిట్ట తెల్లగుంది, ఎప్పటి తావే గదా అని ఎత్తుమన్న. కాలువ తవ్విన మట్టి తెచ్చి ఆడ పోసిన్రని నా మతికి లేదు. మీద మీద చౌడు పూసింది, కింద అంత ఉత్త మట్టే."

ఇక్కడ నేను నా గురించి మంచిగా రాసుకోవచ్చు. రాసుకోను. నేను అరిచాను. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా అన్నాను. నా ఉద్యోగం పోతే నువ్విస్తావా అన్నాను. అంతమంది ముందు కళ్ళు మూసుకుని ఆ నాటకమెందుకు అని కూడా అన్నాను. ఆమె కొంగుతో నాలుక తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. సొర తీగలకు ఆమె కట్టిన పురికొసలు చూసినప్పుడల్లా నా అరుపులే గుర్తొచ్చేవి. అయినా ముందు పోవడానికి నా పొగరు ఒప్పుకోలేదు.

మూడో రోజు వెళ్ళాను. మార్తమ్మ ఇల్లు ఊరి చివర, చర్చి వెనక వాడలో, రేకుల గది. తలుపు తీసే ఉంది. ఆమె నాకు వీపు పెట్టి పొయ్యి ముందు కూర్చుంది. పప్పు ఉడుకుతోంది. ఎడమ చేతిలో ఉప్పు డబ్బా, కుడి చేతి వేళ్ళ మధ్య చిటికెడు ఉప్పు. వెయ్యబోయింది, ఆగింది. అంతకు ముందే వేసిందో లేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు చూసింది. గరిటెతో కొంచెం నోట్లో పోసుకుంది. మళ్ళీ చూసింది. చివరికి ఆ ఉప్పును తిరిగి డబ్బాలోనే రాల్చేసింది. గడపలో నిలబడి నేను ఇదంతా చూశాను. నేను చెంబులకొద్దీ నీళ్ళు తాగి మింగిన ఆ పప్పులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

లోపలికి వెళ్ళి, ఆమె చేతిలోని గరిటె తీసుకుని, రుచి చూశాను. "ఇంకొంచెం ఎయ్యి అవ్వా," అన్నాను. వేసింది. కలిపి మళ్ళీ చూశాను. "జరంత." వేసింది. "ఇగ చాలు."

ఆమె పొయ్యిలో పుల్ల వెనక్కి లాగి, నన్ను చూడకుండా అడిగింది. "మొన్నటి దాంక నా పప్పు ఎట్లుండె?"

"ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు గడ్డి."

"మల్ల బాగుందంటివి?"

"నువ్వు గూడ ఎత్తురి అంటివి గదా."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. క్షమించమని అడిగాను. ఆ మాటను ఆమె చేత్తో ఈగను తోలినట్టు తోలేసింది. ఇద్దరం ఆ పప్పుతో అన్నం తిన్నాం. తిన్నాక అసలు సంగతి చెప్పింది.

"ఊళ్ళె చెప్పకు బిడ్డా. తట్ట మోసే బలం పోయింది. కండ్లు సగమే కనపడ్తయి. మిద్దెల కాలం వస్తె ఇంటికొచ్చి మార్తమ్మా రా అని పిలుస్తరు సూడు, అది ఈ నాలుక కోసమే. అది గూడ పోయిందని తెలిస్తె నన్నెవ్వరు పిలుస్తరు? మిగిలిన మిద్దెలకు ఎట్ల చెప్పాల్నో తెల్వక పదిహేను రోజులాయె నిద్ర పోక."

నా మిద్దె ఒక్కటే కాదన్నమాట. ఆ సంవత్సరం మిగతా ఎనిమిది ఇళ్ళ వాళ్ళూ ఆమె కబురు కోసం చూస్తున్నారు. నేను నా ఉద్యోగం గురించి అరిచినప్పుడు ఆమె తన నెత్తిమీద తొమ్మిది కప్పులు మోస్తోంది.

మర్నాడు మేమిద్దరమే ఊరి చుట్టూ తిరిగాం. ఎక్కడ తవ్వాలో ఆమె కన్ను చెప్పింది, ఎక్కడ పగుళ్ళు గవ్వల్లా లేస్తాయో, ఏ గడ్డి ఉంటే ఆ నేల పనికిరాదో. రుచి మాత్రం నాది. ఆమెకు రుచి లేకపోయినా, దాని జ్ఞాపకం మొత్తం అలాగే ఉంది. "మొదలు సప్పగుంటది. తొందరపడకు. ఆమీద సబ్బు నోట్ల పడ్డట్లయితది. కడకు నాలుక కొస గుంజుతది. ఆ గుంజుడు రావాలె. ఉత్త ఉప్పగుంటే అది చౌడు గాదు, ఉప్పు నేల." ఇంకో నియమం కూడా పెట్టింది. రుచి ఏమిటో చెప్పాకే ఉమ్మాలి. ఉమ్మి ఆలోచించి చెప్పేది లెక్కలోకి రాదట, అప్పుడు నాలుక కాదు, మనసు మాట్లాడుతుందట. ఏడు చోట్ల నోరు పాడుచేసుకున్నాను. ఒకచోట ఉప్పు, ఒకచోట ఉత్త మట్టి, ఒకచోట ఏమిటో చెప్పకపోవడమే మంచిది. ఎనిమిదో చోట, పాత ఇటుక బట్టీ వెనకాల, మెల్లగా సబ్బు రుచి తేలి, తర్వాత నాలుక కొస ఎవరో పట్టుకుని లాగినట్టయింది.

"ఉందా?" అంది మార్తమ్మ.

"ఉంది అవ్వా," అన్నాను. అన్నాక ఉమ్మేశాను.

కప్పు మీది మట్టంతా మళ్ళీ గీకి దింపించాల్సి వచ్చింది. ఎందుకని కృష్ణయ్య అడిగితే, మార్తమ్మ సరిగానే చూపిందనీ, నేనే దగ్గరవుతుందని రెండో ట్రిప్పు పక్క చెలకలోంచి ఎత్తించాననీ చెప్పాను. ఆ రోజు ఎత్తింది తనేనని కృష్ణయ్యకు తెలియదా? నా ముఖం చూశాడు, గోడవారన కూర్చున్న మార్తమ్మ ముఖం చూశాడు. "అయితయమ్మా, కొత్తోళ్ళకు గట్లనే అయితయి," అని ట్రాక్టరు ఎక్కాడు. పోస్టమ్మ మిద్దె మీద తోట పెట్టిందని ఊరు ఊరంతా నెల రోజులు నవ్వింది. ఉత్తరాలు ఇవ్వడానికి పోతే, మీ మిద్దె మీద వంకాయలు కాశాయా అని అడిగేవాళ్ళు. ఎవరైనా నవ్వితే నాకు కోపమొస్తుందని ముందే చెప్పాను. ఆ నెల మాత్రం రాలేదు.

పాత మట్టి కుప్ప వృథా కాలేదు. మంచి మట్టే కదా, బంతి నారు పోశాం.

ఈసారి చౌడు ఎత్తేటప్పుడు మార్తమ్మ అందరి ముందు చిటికెడు తీసి నోట్లో వేసుకుంది, ఇంకో చిటికెడు నా చేతిలో పెట్టింది. కళ్ళు మూసుకుని "ఉందా?" అని అడిగింది. నేను "ఉంది అవ్వా," అన్నాను. అప్పుడు కూలీల వైపు తిరిగి "ఎత్తురి," అంది. మిగతా ఎనిమిది మిద్దెలకూ ఇదే పద్ధతి నడిచింది. మార్తమ్మ పోస్టమ్మకు విద్య నేర్పుతోందని ఊళ్ళో చెప్పుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

మృగశిర రాగానే వాన పట్టుకుంది. మధ్యాహ్నం మొదలై తెరిపి లేకుండా కురుస్తోంది. నేను రిజిస్టర్లన్నీ గోనెసంచిలో కట్టి ఒళ్ళో పెట్టుకుని గది మధ్యలో కూర్చున్నాను, కప్పు మీద నమ్మకం ఉన్నా నా చేతులు వాటిని వదల్లేదు. వాకిట్లో గొంగడి కప్పుకున్న ఆకారం కనిపించింది. మార్తమ్మ. గడప ముందు ఆగి కాళ్ళు కడుక్కుంది. ఒక చెయ్యి ద్వారబంధం మీద వేసి, ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టింది. నేను చాప పరిచాను. ఆమె కూర్చోలేదు, వెల్లకిలా పడుకుంది. దూలాలు, దంతెలు, వాటి పైన వాన చప్పుడు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

"సప్పుడు గిట్లుంటదా కింద," అంది. "ముప్పై ఏండ్లు దీని నెత్తి మీద తిరిగిన. కింద పండుకునోళ్ళకు ఇంత సల్లగుంటదని తెల్వకపాయె."

ఆ వానలో చుక్క కూడా కారలేదు. వారం తర్వాత ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, గోడల మీద అరచెయ్యి వేసి చూసి, పైన ఏ సిమెంటు వాడారని అడిగారు. వాకిట్లో బీరకాయలు తరుగుతున్న మార్తమ్మ ముసిముసిగా నవ్వుకోవడం నేను చూశాను. ఇంటాయన గద్వాల నుంచి వచ్చి చూసి, జేసీబీ మాట ఎత్తకుండా నాలుగు సొరకాయలు పట్టుకుపోయాడు.

తర్వాత రెండేళ్ళు ప్రతి సాయంత్రం పోస్టాఫీసు మూశాక ఆమె పొయ్యి దగ్గరకు పోయి ఉప్పు చూసి వచ్చేదాన్ని. నా నోట బాగుంది అన్న మాట నిజంగా బాగున్నప్పుడే వచ్చేది. బాగా లేకపోతే చెప్పేదాన్ని, ఆమె తిట్టుకుంటూ సరిచేసేది. మూడో ఏడు మాఘంలో, సొర గింజలు బూడిదలో కలిపి ఆరబెట్టిన మర్నాడు, నిద్రలోనే వెళ్ళిపోయింది. చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు. గుంత తవ్వినవాళ్ళు తీసిన మట్టి కుప్ప పక్కన నిలబడి, ఇది ఎర్రమట్టి, మెత్తడానికి పనికొస్తుంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత చాలాసేపు ఏడ్చాను.

తొమ్మిది మిద్దెల్లో ఇప్పుడు నాలుగు మిగిలాయి. ఏటా ఫాల్గుణంలో ఆ నాలుగిళ్ళ వాళ్ళూ నన్నే పిలుస్తారు. ట్రాక్టరు ఆగుతుంది. కృష్ణయ్య పార పట్టుకుని నావైపు చూస్తాడు. చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంటాను. ముందు చప్పగా ఉంటుంది, తర్వాత సబ్బు, ఆ తర్వాత కొస గుంజుతుంది. ఎత్తండని చెప్పాల్సింది కృష్ణయ్యకు. నేను మాత్రం ఎప్పుడూ ముందు ఎడమ పక్కకు, ఆమె నిలబడే వైపుకు తిరుగుతాను. "ఉంది అవ్వా," అంటాను. అన్నాకే ఉమ్మేస్తాను.